మీటరుతో సరిపోయే లెక్క: రైతు ఇంటి విద్యుత్ తనిఖీ

“పొలం కాడి మోటరుకు బిల్లు లేదు గద సారూ, ఇంట్ల నాలుగు పంకలకే ఇంతగనం ఎట్ల వస్తది?”

గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమం పర్యవేక్షణకై తెలంగాణలోని ఒక గ్రామానికి వెళ్లినప్పుడు ఒక రైతు ఇల్లాలు కరెంటు బిల్లును నా చేతిలో పెట్టి అడిగిన ప్రశ్న ఇది. నా వెంట ఉన్న నలుగురు విద్యార్థులు తలా ఒక సలహా చెప్పారు. ఒకరు ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకోమన్నారు. ఆ ఇంట్లో అప్పటికే అన్నీ ఎల్‌ఈడీ బల్బులే. మరొకరు ఐదు నక్షత్రాల ఫ్రిజ్ కొనుక్కోమన్నారు. ఇంకొకరు డాబాపై సౌర ఫలకాలు అమర్చుకోమన్నారు. నాలుగో విద్యార్థి సెల్‌ఫోన్ చార్జరును ప్లగ్గు నుండి తీసివేస్తూ ఉండమన్నాడు. మీటరు దగ్గరకు ఒక్కరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

అదే ఉదయం, అదే విద్యార్థులు, భూసార పరీక్ష చేయించకుండా ఎరువుల మోతాదు నిర్ణయించుకోరాదని రైతులకు బోధించి వచ్చారు. పొలం విషయంలో మనం పాటించే క్రమశిక్షణ రైతు ఇంటి గడప దాటగానే ఎందుకు సడలిపోతున్నదన్న ఆలోచన ఆనాటి నుండి నన్ను వదలలేదు. ఈ వ్యాసం ఆ ఆలోచన నుండి పుట్టినదే.

శక్తి లెక్కలు మన శాస్త్రానికి కొత్తవి కావు. పంటల శక్తి సమతుల్యతపై వెలువడే పత్రాలలో కిలో నత్రజనికి 60.6 మెగాజౌళ్లు, లీటరు డీజిలుకు 56.31, పురుష కూలీ గంట శ్రమకు 1.96 మెగాజౌళ్ల చొప్పున కట్టి, పెట్టుబడి శక్తికి దిగుబడి శక్తికి నిష్పత్తి తీస్తూనే ఉన్నాము. ఒక యూనిట్ విద్యుత్తు, అనగా ఒక కిలోవాట్ గంట, భౌతికశాస్త్ర ప్రకారం 3.6 మెగాజౌళ్లే అయినా, ఉత్పత్తి, ప్రసార నష్టాలను దృష్టిలో ఉంచుకొని మన పత్రాలలో 11.93గా గణిస్తాము. ఇంత సూక్ష్మంగా వరి మడి లెక్క తేల్చగల మనము, ఆ వరి పండించిన కుటుంబం నెలనెలా చెల్లించే బిల్లులో ఏ ఉపకరణం వాటా ఎంత అని అడిగితే ఊహపై ఆధారపడి మాట్లాడుతున్నాము.

గృహ విద్యుత్ తనిఖీ అంటే పొదుపు సూత్రాల పట్టిక కాదు. అది ఒక సమతుల్యతా పత్రం. పొలంలో నీటి సమతుల్యతను గుర్తు చేసుకొంటే విషయం తేటపడుతుంది. వర్షపాతం, పెట్టిన తడులు ఒక వైపు. బాష్పోత్సేకం, ఉపరితల ప్రవాహం, నేలలో తేమ మార్పు మరొక వైపు. రెండింటి మధ్య మిగిలిన తేడాను లోతుకు ఇంకిన నీరుగా భావిస్తాము. ఇంట్లో ఒక వైపు మీటరు చూపిన యూనిట్లు, మరొక వైపు ఒక్కొక్క ఉపకరణం వాడిన యూనిట్ల మొత్తం. ఈ రెండూ సరిపోలిన తరువాతనే సలహాకు అర్హత వస్తుంది. సరిపోలని పక్షంలో ఆ తేడాయే మనం వెతకవలసిన విషయం అవుతుంది.

చివరి యూనిట్ వెల

తనిఖీకి ముందు బిల్లును చదవడం నేర్చుకోవాలి. ఒక యూనిట్ ధర ఎంత అన్న ప్రశ్నకు రెండు రాష్ట్రాలలోనూ ఒకే సమాధానం ఉండదు, ఎందుకంటే ధర శ్లాబును బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం గృహ వినియోగంలో మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 31 నుండి 75 వరకు రూ.3, 76 నుండి 125 వరకు రూ.4.50, 126 నుండి 225 వరకు రూ.6, 226 నుండి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఈ లెక్కన 240 యూనిట్లు వాడిన ఇంటికి విద్యుత్ చార్జి రూ.1,148.25 అవుతుంది. అదే ఇల్లు 150 యూనిట్లకు దిగితే రూ.567. వినియోగం తగ్గినది 37.5 శాతమే అయినా చార్జి సగానికి పైగా తగ్గింది. తగ్గించే యూనిట్లు ఎప్పుడూ పై మెట్టు నుండే, అనగా ఖరీదైన శ్లాబు నుండే తొలగిపోవడం ఇందుకు కారణం. ఎరువు మోతాదు పెరిగే కొద్దీ చివరి కిలోకు వచ్చే ఫలితం తగ్గుతుందని తరగతి గదిలో చెబుతాము. ఇక్కడ చివరి యూనిట్‌కు పడే ధర పెరుగుతుంది.

తెలంగాణలో పరిస్థితి మరింత తీవ్రం. అక్కడ 2022-23 ఉత్తర్వు ప్రకారం నెలకు 100 యూనిట్లు దాటని ఇళ్లు ఒక వర్గం, 200 దాటనివి ఒక వర్గం, 200 దాటినవి మరొక వర్గం. రెండవ వర్గంలో మొదటి 100 యూనిట్లకు రూ.3.40, తరువాతి 100కు రూ.4.80. మూడవ వర్గంలో మొదటి 200 యూనిట్లకూ రూ.5.10, 201 నుండి 300 వరకు రూ.7.70. కావున సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి చార్జి రూ.820 కాగా, 201 యూనిట్లు వాడిన ఇంటికి రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ వెల రూ.207.70! 100 నుండి 101కి అడుగు వేసినా ఇదే కథ: రూ.252.50 కాస్తా రూ.344.80 అవుతుంది. 2024 మార్చి బిల్లుల నుండి అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకంలో అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. దాటితే మొత్తం వినియోగానికి చెల్లించాలి. ఆ కుటుంబాలకు 201వ యూనిట్ వెల వెయ్యి రూపాయల పైమాటే.

పై లెక్కలలో స్థిర చార్జీలు, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు వంటివి కలపలేదు. ధరలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గనుక విస్తరణ కార్యకర్త తన జిల్లాకు వర్తించే తాజా ఉత్తర్వును దగ్గర ఉంచుకోవాలి. అయితే మెట్లు ఉన్నంత కాలం సూత్రం మారదు. ఇల్లు ఏ మెట్టుకు ఎన్ని యూనిట్ల దూరంలో ఉన్నదో తెలియకుండా ఇచ్చే సలహాకు విలువ కట్టలేము.

మిణుకు మిణుకుమనే దీపం

తనిఖీకి ఖరీదైన పరికరాలు కావాలన్నది అపోహ. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల ముఖంపై ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. దాని పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో ముద్రించి ఉంటుంది; 3200 అన్న అంకె తరచుగా కనిపిస్తుంది. 3200 మిణుకులకు ఒక యూనిట్ అయితే, రెండు మిణుకుల మధ్య సెకన్లతో 1125ను భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. మీటరుపై వేరొక అంకె ఉంటే 36 లక్షలను ఆ అంకెతో భాగించి 1125కు బదులు వాడుకోవాలి. సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచ్ ఇందుకు చాలు.

ఉదాహరణకు ఇంట్లో అన్నీ ఆపి ఒక్క పంకాను మాత్రమే పూర్తి వేగంతో తిప్పినప్పుడు 15 సెకన్లకు ఒకసారి దీపం మిణికితే ఆ పంకా 75 వాట్లు లాగుతున్నట్లు. పాత రకం పంకాలు సాధారణంగా 70 నుండి 80 వాట్ల మధ్య ఉంటాయి. బీఎల్‌డీసీ మోటారు పంకా అయితే 30 వాట్ల ప్రాంతంలో, అంటే సుమారు 37 సెకన్లకు ఒక మిణుకు వస్తుంది. పది మిణుకులకు పట్టిన కాలాన్ని కొలిచి సగటు తీస్తే దోషం తగ్గుతుంది. విద్యార్థులు దీనిని ఒకసారి చేసి చూస్తే వాట్ అన్న మాట వారికి పాఠ్యపుస్తకం నుండి బయటకు వస్తుంది.

అన్నిటికన్నా ముందు చేయవలసినది శూన్య పరీక్ష. మెయిన్ స్విచ్చి వేసి ఉంచి, ఇంట్లోని స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులన్నీ తీసి, దీపాన్ని ఐదు నిమిషాలు గమనించాలి. అప్పుడూ మిణుకుతూ ఉంటే, మన పట్టికలో లేని వినియోగం ఏదో ఉన్నట్లే. అది మరచిపోయిన ఉపకరణం కావచ్చు, తడిసిన తీగ నుండి భూమిలోకి పోతున్న విద్యుత్తు కావచ్చు, పశువుల కొట్టానికి ఎప్పుడో లాగిన తీగ కావచ్చు. రెండవ సందర్భంలో అది బిల్లు సమస్య కాదు, ప్రాణాపాయం. విద్యార్థులు అక్కడితో ఆగి లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. మీటరు సీలును గాని, బోర్డు లోపలి తీగలను గాని తాకరాదన్నది ఈ కార్యక్రమంలో మొదటి నియమం కావాలి.

ఫ్రిజ్‌ను మాత్రం మిణుకులతో ఒక్కసారిగా కొలవలేము. దాని కంప్రెసరు ఆగుతూ, నడుస్తూ ఉంటుంది. ప్లగ్గుకు, ఉపకరణానికి మధ్య అమర్చే చిన్న పవర్ మీటరును ఒక రోజు ఉంచి చూడాలి. కృషి విజ్ఞాన కేంద్రానికి అటువంటివి రెండు మూడు ఉంటే మండలమంతటికీ సరిపోతాయి.

ఇక వినియోగ గంటలు. ఈ పనిలో అత్యధిక దోషం ఇక్కడే ప్రవేశిస్తుంది. కూలరు ఎన్ని గంటలు నడుస్తుందని ఇంటి యజమానిని అడిగితే “రెండు గంటలు” అంటాడు. పగలంతా పొలంలో ఉండే మనిషికి అంతకు మించి తెలియదు. ఇంటి పట్టున ఉండే అవ్వను అడగాలి. వేసవి సెలవులలో పిల్లలను అడగాలి. ఏడు రోజులు ఉదయం ఆరు గంటలకు, సాయంత్రం ఆరు గంటలకు మీటరు రీడింగు రాయించుకొంటే పగటి వినియోగం, రాత్రి వినియోగం వేరుపడి, చెప్పిన గంటలలో నిజమెంతో తానే తేలుతుంది. సర్వే పద్ధతులలో జ్ఞాపక దోషం గురించి మనం చెప్పే పాఠానికి ఇంతకన్న మంచి ప్రయోగశాల దొరకదు.

ఒక ఇంటి పద్దు

ఆ ఇల్లాలి ఇంటి అంకెలు ఆమె సొంతం. ఇక్కడ అటువంటి కుటుంబాలకు నమూనాగా, తెలంగాణ గ్రామంలో ఐదుగురు సభ్యులున్న ఒక ఇంటి ఏప్రిల్ నెల పద్దును గణన కోసం కల్పించి చూపుతున్నాను. మీటరు చూపినది 30 రోజులకు 231 యూనిట్లు అనుకొందాము.

నాలుగు పంకాలు, ఒక్కొక్కటి 75 వాట్లు. పడక గదులలో రెండు పంకాలు రోజుకు 14 గంటల చొప్పున, వంటింటి పక్క గదిలోనిది 8 గంటలు, వరండాలోనిది 4 గంటలు. మొత్తం రోజుకు 40 పంకా-గంటలు, నెలకు 90 యూనిట్లు. 180 వాట్ల కూలరు 8 గంటలు నడిస్తే నెలకు 43.2 యూనిట్లు. పాత ఫ్రిజ్ రోజుకు 1.4 యూనిట్ల వంతున 42. తొమ్మిది వాట్ల బల్బులు ఆరు, ఐదు గంటలు వెలిగితే 8.1. టీవీ 60 వాట్లు, ఐదు గంటలు, 9 యూనిట్లు. సెట్‌టాప్ బాక్స్ పది వాట్లే గాని రాత్రింబవళ్లు ప్లగ్గులోనే ఉంటుంది గనుక 7.2, అది టీవీతో దాదాపు సమానం. ట్యాంకు నింపే అర హార్స్‌పవర్ మోటారు 550 వాట్లు లాగుతూ రోజుకు అరగంట నడిస్తే 8.25. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఫోన్ చార్జర్లు అన్నీ కలిపి 5.5. మొత్తం 213.25 యూనిట్లు.

మీటరుకు, పద్దుకు మధ్య సుమారు 18 యూనిట్ల తేడా వచ్చింది. దీనిని కొలత దోషంగా కొట్టివేయవచ్చునా? నా అభిప్రాయంలో ఐదు శాతం మించిన తేడాను వెతకకుండా వదలరాదు. ఇది దాదాపు ఎనిమిది శాతం. 18 యూనిట్లను 720 గంటలతో భాగిస్తే నిరంతరంగా 25 వాట్లు. శూన్య పరీక్షలో దీపం 45 సెకన్లకు ఒకసారి మిణికితే సరిగ్గా అదే అంకె. ధాన్యం బస్తాల వెనుక మూలన ఉన్న ఇన్వర్టరు అటువంటి ఇళ్లలో తరచు మరచిపోయే ఉపకరణం. అది నేరుగా తీగకు కలిపి ఉంటుంది. ప్లగ్గు పీకినా, స్విచ్చి ఆపినా దాని బ్యాటరీ చార్జింగు సాగుతూనే ఉంటుంది. బ్యాటరీ పాతబడినకొద్దీ ఈ వ్యయం పెరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి, బ్యాటరీని పరీక్ష చేయించాలి. అయితే ఫలితం తెలిసే వరకు దానిని ఆదా ఖాతాలో జమ కట్టరాదు.

ఇప్పుడు పద్దు సరిపోయింది. ఈ ఇంటికి రూ.1,258.70 చార్జి పడుతున్నది. 200 మెట్టుకు దిగాలంటే కనీసం 31 యూనిట్లు తగ్గాలి. ముందుగా ఖర్చు లేని మార్గాలు చూద్దాము. సెట్‌టాప్ బాక్సును టీవీతో పాటు ఆపితే 5.7 యూనిట్లు. ఎవరూ లేని వరండాలో తిరిగే పంకాను ఆపితే 9. కూలరును రెండు గంటలు తగ్గిస్తే 10.8. మొత్తం 25.5, ఇల్లు 206 దగ్గరకు చేరుతుంది, చార్జి రూ.1,066.20. కుటుంబమంతా నెల రోజులు శ్రద్ధగా పాటించినా మెట్టు దిగలేదు! పొదుపు సలహాలపై పల్లెలలో నమ్మకం సన్నగిల్లడానికి ఇటువంటి అనుభవం ఒక కారణమని నా నమ్మకం. ఆరు యూనిట్లు తక్కువైనందుకు మెట్టు దిగిన ప్రయోజనమంతా పోతుంది. అయినా ఆ ఆరు యూనిట్ల సంగతి ఎవరూ వారికి చెప్పి ఉండరు.

14 గంటలు తిరిగే పంకాలలో ఒక్కదానిని బీఎల్‌డీసీ పంకాగా మారిస్తే గంటకు 45 వాట్ల చొప్పున నెలకు 18.9 యూనిట్లు తగ్గుతాయి. ఇల్లు 187 యూనిట్లకు, చార్జి రూ.757.60కు చేరుతుంది. పంకా ధర సుమారు రూ.2,500 నుండి 3,500. ఆ నెలలో దాని వాటాగా మిగిలినది రూ.308.60. వేసవి నాలుగు నెలల లెక్కన రెండు మూడు వేసవులలో పెట్టుబడి తిరిగి వస్తుంది. మిగిలిన నెలలలో ఇల్లు 150 యూనిట్ల దగ్గర ఉంటే పంకా తిరిగినంత మేరకు యూనిట్‌కు రూ.4.80 మాత్రమే మిగులుతుంది, చలికాలంలో అదీ ఉండదు. గృహజ్యోతి అర్హత గల కుటుంబమైతే అదే పంకా ఒక్క నెలలో వెయ్యి రూపాయల పైగా బిల్లును సున్నా చేస్తుంది. మూడు నాలుగు నెలలలో దాని ధర వచ్చేస్తుంది. ఒకే పంకా, ఒకే వినియోగం, రెండు ఇళ్లలో రెండు ఆర్థిక ఫలితాలు. నాలుగు పంకాలూ ఒకేసారి మార్చవలసిన అవసరం లేదని కూడా గమనించాలి. వరండా పంకాను మార్చడం డబ్బు దండుగ.

మరి ఫ్రిజ్? రోజుకు అర యూనిట్ వాడే కొత్తది తెస్తే నెలకు 27 యూనిట్లు తగ్గుతాయి. అన్నీ రూ.7.70 ధరకే లెక్కించినా నెలకు రూ.208. రూ.18,000 ఫ్రిజ్‌కు ఏడేళ్లకు పైగా పడుతుంది. వాయిదాలపై వడ్డీ దీనికి అదనం. పాతది చెడిపోయిన రోజున నక్షత్రాలు చూసి కొనడం వేరు, బిల్లు తగ్గించుకోవడానికి అప్పు చేసి కొనడం వేరు. ఆనాడు మా విద్యార్థి ఇచ్చిన సలహాను ఆ కుటుంబం నిజంగా పాటించి ఉంటే ఏమయ్యేదో తలచుకొంటే నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. పాత ఫ్రిజ్‌ను గోడ నుండి జానెడు దూరం జరిపి, తలుపు రబ్బరు పట్టీలో కాగితం ముక్క ఇరికించి లాగి చూస్తే, అది వదులుగా జారిపోతున్నదో లేదో తెలుస్తుంది. ముందు ఆ పని చేసి, పవర్ మీటరుతో మళ్లీ కొలవాలి.

బల్బుల గురించి ఒక మాట. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైన నాటికి ఇళ్లలో ఫిలమెంటు బల్బులు, సీఎఫ్‌ఎల్‌లు విస్తారంగా ఉండేవి. అప్పుడు అది సరైన సలహా. ఆ పని చాలా వరకు పూర్తయింది. పై పద్దులో దీపాల వాటా మూడున్నర శాతమే. అయినా మన కరపత్రాలలో మొదటి వాక్యం ఇంకా ఎల్‌ఈడీ బల్బే!

ప్రాంతాన్ని బట్టి, ఋతువును బట్టి

పై పద్దు తెలంగాణ వేసవిది. అదే ఇంటిని డిసెంబరులో ఆదిలాబాద్ జిల్లాలో చూస్తే పంకాలు మాయమై, నీళ్ల బకెట్టులో వేసే హీటరు రాడ్ పట్టిక మొదటికి వస్తుంది. 20 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడి చేయడానికి 0.465 యూనిట్ అవసరం. నలుగురి స్నానానికి రోజుకు 1.86, నెలకు దాదాపు 56 యూనిట్లు. ఇక్కడ నక్షత్రాల చిట్కాలు పనిచేయవు. నిరోధక తీగతో వేడి చేసే పరికరం వాడిన విద్యుత్తంతా అప్పటికే వేడిగా మారుతున్నది, అంతకన్న ఎక్కువ ఇవ్వలేదు. నీరు తగ్గించాలి, వేడి తగ్గించాలి, లేదా ఎండను, పొయ్యిలో పంట వ్యర్థాలను వాడుకోవాలి. కంది కట్టె, పత్తి కట్టె పొలంలోనే తగులబెట్టే ఊళ్లలో ఈ చివరి మాట చెప్పడానికి మనకు మరొక కారణం కూడా ఉన్నది.

కూలరు విషయంలో మన వాతావరణ పరిశీలనశాలలోని రెండు ఉష్ణమాపకాలే దారి చూపుతాయి. కూలరు గాలిని తడి ఉష్ణమాపకం చూపే ఉష్ణోగ్రత వైపు చల్లబరచగలదే గాని దాని కిందికి తేలేదు. సాధారణంగా ఆ దూరంలో పదింట ఏడు వంతులు చేరుతుందనుకోవచ్చు. పొడి ఉష్ణోగ్రత 42, తడి ఉష్ణోగ్రత 24 డిగ్రీలు ఉన్న రామగుండం మధ్యాహ్నం కూలరు గాలి 30 డిగ్రీల లోపుకు వస్తుంది. పొడి 36, తడి 29 ఉన్న మచిలీపట్నంలో 31కి మించి దిగదు. ఆ గాలి నిండా తేమ. అక్కడ కూలరు వాడే విద్యుత్తు దాదాపు వృథా. పంకా, ఎదురెదురు కిటికీలు మేలు. పొడి ప్రాంతంలోనూ గది మూసి కూలరు నడిపితే తేమ పేరుకొని అదే స్థితి వస్తుంది గనుక గాలి బయటకు పోయే దారి ఉంచాలి.

సస్యశాస్త్రజ్ఞునిగా నాకు మోటారుపైకే మొదట దృష్టి పోతుందని ఒప్పుకొంటాను. వెయ్యి లీటర్ల నీటిని 12 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి సిద్ధాంత రీత్యా 0.033 యూనిట్ చాలు. 550 వాట్ల ఇంటి మోటారు 40 నిమిషాలు తీసుకొంటే ఖర్చయ్యేది 0.37 యూనిట్. సామర్థ్యం తొమ్మిది శాతం! పొలం పంపుసెట్టుపై ఇటువంటి అంకె వస్తే పత్రం రాసేవాళ్లం. కాని ఈ ఇంటి పద్దులో మోటారు వాటా ఎనిమిది యూనిట్లే. సామర్థ్యం ఎంత హీనంగా ఉన్నా, వాటా చిన్నదైన చోట మరమ్మతు వరుసలో వెనుకకే పోవాలి. పద్దు మన అభిరుచులను కూడా అదుపులో పెడుతుంది.

ఒక విషయంలో మాత్రం మన శాస్త్రం నేరుగా అక్కరకు వస్తుంది. పగలంతా ఎండలో కాలిన సిమెంటు డాబా రాత్రి పొద్దుపోయే వరకు గదిలోకి వేడిని వదులుతుంది. పంకా 14 గంటలు తిరగడం వెనుక ఉన్నది ఈ డాబాయే. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. తెల్లని పూత ఒక మార్గం. పడమటి గోడకు చిక్కుడు, బీర, సొర పందిరి మరొకటి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.45 మెగాజౌళ్లు, అనగా 0.68 యూనిట్‌కు సమానమైన వేడి కావాలి. ఆకులు ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుండి, ఎండ నుండి తీసుకొంటాయి. పెరటి తోటల గురించి పోషకాహార కోణంలో ఎంతో చెప్పాము. ఆ పందిరి ఏ గోడ పక్కన వేయాలో కూడా చెప్పవలసి ఉన్నది.

సౌర ఫలకాలు సూచించిన విద్యార్థి తప్పు చెప్పలేదు, వరుస తప్పాడు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000, మూడు కిలోవాట్లు, ఆపైన మొత్తం రూ.78,000 రాయితీ లభిస్తున్నది. తనిఖీ తరువాత 187 యూనిట్లకు దిగిన ఇంటికి ఎంత సామర్థ్యం కావాలో, అసలు కావాలో వద్దో అప్పుడే తేలుతుంది. గృహజ్యోతి కింద బిల్లు సున్నా అయ్యే ఇంటిని ఫలకాల కోసం అప్పులోకి దించడం ఏ లెక్కకూ నిలవదు.

కార్యానుభవ కార్యక్రమంలో ఈ పనికి కొత్త కోర్సు అవసరం లేదు. విద్యార్థి తాను బస చేసిన ఇంటిలో మొదటి వారం రీడింగులు, రెండవ వారం మిణుకుల కొలతలు, పద్దు తయారీ, మూడవ వారం కుటుంబంతో కూర్చొని ఏ మార్గం వీలవుతుందో చర్చ, తరువాతి బిల్లు వచ్చినప్పుడు సరిచూడడం, ఇంతే. నివేదికకు మార్కులు వేసేటప్పుడు ఎన్ని సలహాలు రాశారన్నది కాక, పద్దు మీటరుతో ఎంత దగ్గరగా సరిపోయింది, తేడాకు కారణం వెతికారా లేదా అన్నది చూడాలని నా సూచన. గృహవిజ్ఞాన విభాగం వారు, వ్యవసాయ ఇంజినీరింగ్ వారు కలిసి వస్తే కొలతలు మరింత నాణ్యంగా ఉంటాయి. ఒక జాగ్రత్త తప్పనిసరి. బిల్లులో కుటుంబం ఆర్థిక స్థితి, పథకాల అర్హత కనిపిస్తాయి. ఆ వివరాలు గ్రామసభలో చదివే నివేదికలోకి రాకూడదు.

తరువాతి పర్యవేక్షణకు నేను ఆ గ్రామానికి వెళ్లేసరికి మీటరు పెట్టె పక్కన సున్నం గోడపై బొగ్గుతో అంకెల వరుస కనిపించింది. పొద్దుటి రీడింగు ఒక వైపు, సాయంత్రానిది ఒక వైపు, ఆ ఇల్లాలే రాస్తున్నది. ఒక ఆదివారం అంకె మిగతా రోజులకన్న మూడు యూనిట్లు ఎక్కువగా ఉన్నది. కారణం అడగబోతుండగానే విద్యార్థి ఒకడు సమాధానం చెప్పాడు: “ఆ రోజు వీళ్ల ఆడబిడ్డ వాళ్లు వచ్చారు సార్. కూలరు పగలంతా నడిచింది. పద్దులో రాసుకొన్నాం.”